ఇంగ్లీషు గ్రామర్‌ని తెలుగులో చెప్పండి సార్

మన ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు చెప్పే సార్లకీ, మేడమ్‌లకీ, రెండు రాష్ట్రాల్లో ఇంగ్లీషు పుస్తకాలు తయారుచేసే ఎస్‌సీఈఆర్‌టీ పెద్దలకీ,

నమస్కారం. నేను టీచర్ని కాదండి. తెనాలి దగ్గర ఒక పల్లెటూర్లో ఉంటా, టౌన్లో ఒక మందుల హోల్‌సేల్ షాపులో అకౌంట్స్ చూస్తా, సాయంత్రం ఆరున్నరకి ఇంటికొచ్చేసరికి మా వీధి పిల్లలు ఎనిమిది మంది మా వరండాలో చాప పరుచుకుని కూర్చుని ఉంటారు, వాళ్ళకి కాసేపు లెక్కలు, కాసేపు ఇంగ్లీషు చెప్తా. ఆరేళ్ళ నుంచి చెప్తున్నా. నేనూ తెలుగు మీడియంలోనే చదివా, పదో తరగతి దాకా ఒక్క ఇంగ్లీషు వాక్యం సొంతంగా రాయలేదు, తర్వాత ఉద్యోగం కోసం నా తిప్పలు నేను పడి నేర్చుకున్నా. అందుకని ఈ పిల్లలు ఎక్కడ ఆగిపోతున్నారో చూస్తే నాకు వెంటనే తెలిసిపోతుంది, నేనూ సరిగ్గా అక్కడే ఆగిపోయా కాబట్టి. ఆ చోటు గురించే ఈ ఉత్తరం.

పోయిన నెల్లో ఎనిమిదో క్లాసు చదివే ఒకమ్మాయి నోట్సు తెచ్చి ఏం మాట్లాడకుండా నా ముందు పెట్టింది. నిన్న మీ ఇంట్లో ఏం జరిగిందో ఐదు వాక్యాలు రాయమన్నారట. మొదటి వాక్యం ఇది: "మై మదర్ స్టవ్ ఆన్ రైస్ కుక్డ్". పేజీ ఈ మూల నుంచి ఆ మూలకి ఎర్ర పెన్నుతో ఒక్క గీత, కింద రాంగ్ అని ఉంది. ఏది రాంగో లేదు, ఏం చేస్తే రైటవుతుందో లేదు. గీత కొట్టినవాళ్ళని నేను తప్పుపట్టట్లేదండి, అన్నన్ని నోట్సులు దిద్దుతూ పైవాళ్ళు అడిగిన రిపోర్టులన్నీ ఆన్‌లైన్‌లో ఎక్కిస్తూ ఒక్కో పిల్ల పక్కన కూర్చోవడం అయ్యే పని కాదని తెలుసు. కానీ ఆ వాక్యం దగ్గర మీరంతా నాతో పాటు ఒక్క నిమిషం ఆగాలి.

ఆ పిల్లకి వండటానికి కుక్ అనాలని తెలుసు. నిన్నటి పని కాబట్టి కుక్డ్ అనాలనీ తెలుసు. పొయ్యి మీద అంటే ఇన్ కాదు ఆన్ అని తెలుసు. స్పెల్లింగులన్నీ కరెక్టు. మా అమ్మ పొయ్యి మీద అన్నం వండింది అని మనసులో అనుకుంది, ఒక్కో మాటకీ ఇంగ్లీషు మాట పెట్టుకుంటూ వెళ్ళింది. అంటే ఆ అమ్మాయి గ్రామర్ లేకుండా రాయలేదు, గ్రామర్ తోనే రాసింది, కాకపోతే అది తెలుగు గ్రామర్. రాంగ్ అని గీత కొడితే తనకి ఏమీ రాదు అని అర్థం చేసుకుంది. నిజానికి ఆ పిల్లకి దాదాపు అంతా వచ్చు, వరస ఒక్కటే రాదు.

నా దగ్గర పాత శుభలేఖలు ఉంటాయి, వాటి వెనకవైపు తెల్లగా ఉంటుంది కదా, దాన్ని ముక్కలు కోసి పెట్టుకుంటా. ఆ రోజు ఐదు ముక్కల మీద ఆ మాటలు రాశా, పైన ఇంగ్లీషు మాట, కింద తెలుగు మాట. మా అమ్మ, పొయ్యి, మీద, అన్నం, వండింది. నేల మీద తను రాసిన వరసలోనే పేర్చా. ఈ వాక్యంలో ఎవరు పని చేశారు అని అడిగా, మా అమ్మ అంది. ఆ ముక్క కదపొద్దు, అది ఇక్కడైనా అక్కడైనా ముందే ఉంటుంది, అన్నా. ఏం పని చేసింది? వండింది. తెలుగులో ఆ ముక్క ఎక్కడుంది? చివర. ఇంగ్లీషులో పని చేసినవాళ్ళ పక్కనే పని ఉండాలి, దాన్ని తీసుకెళ్ళి అమ్మ పక్కన పెట్టు. పెట్టింది. ఏం వండింది? అన్నం. పని వెంటనే అదొస్తుంది, దాన్ని పని పక్కన పెట్టు. పెట్టింది. ఇక పొయ్యి, మీద మిగిలాయి. ఈ రెండిటికీ జెమ్ క్లిప్ పెట్టి కలిపా, ఇవి రెండూ ఎప్పుడూ కలిసే తిరుగుతాయి, కానీ తెలుగులో మీద అనేది వెనక నడుస్తుంది, ఇంగ్లీషులో ముందు నడుస్తుంది, అని చెప్పా. క్లిప్ తీసి తనే అటూ ఇటూ మార్చి మళ్ళీ క్లిప్ పెట్టింది. "మై మదర్ కుక్డ్ రైస్ ఆన్ స్టవ్". స్టవ్ ముందు ద పెట్టించా.

తర్వాత ఆ పిల్ల ఒక పని చేసింది, అది చూసే నేనీ ఉత్తరం రాయాలనుకున్నా. నోట్సులో తను రాసిన పాత వాక్యం మీద వేలు పెట్టి చివర్నుంచి వెనక్కి చదవడం మొదలెట్టింది. కుక్డ్. రైస్. ఆన్. స్టవ్. ఒకసారి చదివింది, మళ్ళీ చదివింది, నా మొహం చూసి "అక్కా, అమ్మని అక్కడే ఉంచి మిగతాదంతా తిరగేస్తే ఇంగ్లీషు అయిపోతోంది" అంది. నేను ఇన్నేళ్ళ నుంచి చెప్తున్నా, ఇంత సూటిగా నాకెప్పుడూ తట్టలేదు. మీరూ చేసి చూడండి. మా తమ్ముడు బడి నుంచి పుస్తకం తెచ్చాడు. చివర్నుంచి చదివితే తెచ్చాడు, పుస్తకం, నుంచి, బడి. "మై బ్రదర్ బ్రాట్ ఏ బుక్ ఫ్రమ్ ద స్కూల్". అద్దంలో చూసినట్టు ఉంటుంది.

ఇది మా వరండాలో కనిపెట్టిన వింతేం కాదండి. 1963లో జోసెఫ్ గ్రీన్‌బర్గ్ అనే అమెరికన్ భాషాశాస్త్రవేత్త 30 భాషలు పక్కపక్కన పెట్టి మాటల వరసలు పోల్చి చూశాడు, క్రియ చివర వచ్చే భాషల్లో మీద, లోపల, నుంచి లాంటి మాటలు దాదాపు ఎప్పుడూ నామవాచకం వెనకే వస్తాయని చెప్పాడు. తెలుగు, తమిళం, హిందీ, జపనీస్, టర్కిష్ అన్నీ ఆ బాపతే. క్రియ కర్త పక్కకి జరగడం, మీద అనేది పొయ్యి ముందుకి రావడం, ఇవి రెండు వేరువేరు పాఠాలు కావు, ఒక్క తిరగేతే. మరి మన పుస్తకాల్లో వర్బు ఒక యూనిట్లో, ప్రిపోజిషన్ ఇంకెక్కడో యూనిట్లో, పిల్లకి ఈ రెండిటికీ చుట్టరికం ఉందని ఎప్పటికీ తెలియదు. అసలు ప్రిపోజిషన్ అనే పేరులోనే ప్రీ అంటే ముందు అని ఉంది, ముందు ఉండే మాట అని. ఆ ఒక్క ముక్క తెలుగులో చెప్తే, మన భాషలో అది వెనక ఉంటుందమ్మా అని కలిపితే, ఆ పేరు పిల్ల జన్మలో మర్చిపోదు. ఇంకొకటి కూడా చెప్పాలి, మొత్తం గుడ్డిగా తిరగేస్తే కుదరదు. పెద్ద ఇల్లు అంటే ఇంగ్లీషులోనూ బిగ్ హౌసే, మా నాన్న బండి అంటే మై ఫాదర్స్ బైకే, అక్కడ వరస మారదు. అందుకే మాటలు మాటలుగా కాకుండా గుత్తులుగా తిప్పించాలి. పిల్లలు ఈ మెలిక కూడా రెండు రోజుల్లో పట్టేస్తారు, ముక్కలు చేతిలో ఉంటే.

మీకు నా ప్రధానమైన విన్నపం ఏంటంటే, ఇంగ్లీషు గ్రామర్‌ని తెలుగులో చెప్పండి, తెలుగు గ్రామర్‌కి ముడిపెట్టి చెప్పండి. ఇంగ్లీషు మాట్లాడించడం ఇంగ్లీషులోనే చేయించండి, కథలు ఇంగ్లీషులోనే చదివించండి, దాంట్లో నాకు ఏ పేచీ లేదు. కానీ ఈ వాక్యం ఎందుకిలా ఉంది అనే పది నిమిషాలు మాత్రం పిల్లకి అర్థమయ్యే భాషలో చెప్పండి.

నేను ఎనిమిదో క్లాసులో ఉన్నప్పుడు జరిగింది ఇప్పటికీ గుర్తుంది. ఉదయం తెలుగు పీరియడు. మాస్టారు సకర్మక క్రియ, అకర్మక క్రియ చెప్పారు. క్రియని పట్టుకుని ఏమిటి, ఎవరిని అని అడగండి, జవాబు వస్తే కర్మ ఉన్నట్టు, అది సకర్మకం, జవాబు రాకపోతే అకర్మకం, అన్నారు. తిన్నాడు, ఏమి తిన్నాడు, మామిడిపండు. నిద్రపోయాడు, ఏమి నిద్రపోయాడు, జవాబు లేదు. క్లాసంతా పోటీలు పడి చెప్పాం. గంట కొట్టారు, ఇంగ్లీషు సార్ వచ్చారు, బోర్డు మీద రాశారు, "ఏ ట్రాన్సిటివ్ వర్బ్ ఈజ్ ఏ వర్బ్ దట్ టేక్స్ యాన్ ఆబ్జెక్ట్". బట్టీ పట్టి రేపు అప్పజెప్పమన్నారు. పొద్దున నేర్చుకున్నదే ఇదీ అని ఎవరూ చెప్పలేదు, మాకు తోచలేదు. అరవై మందిమి ఆ ఇంగ్లీషు వాక్యాన్ని మంత్రం చదివినట్టు అప్పజెప్పాం. ఆ రెండు పీరియడ్ల మధ్య గోడ లేదు, ఐదు నిమిషాల ఇంటర్వెల్ మాత్రమే ఉంది. నాకు అవి రెండూ ఒకటే అని తెలియడానికి ఆ తర్వాత పదకొండేళ్ళు పట్టింది.

అదే ఏడాది ఇంకోసారి, వర్బ్ అంటే యాక్షన్ వర్డ్ అని చెప్పినప్పుడు నేను లేచి ఈజ్ అంటే ఏం యాక్షన్ సార్ అని అడిగా. కూర్చో అన్నారు. ఆ ప్రశ్న మంచి ప్రశ్నే అని ఇప్పుడనిపిస్తుంది. ఆయన మా నాన్న, అంటాం. ఇందులో క్రియ ఎక్కడుంది? లేదు. తెలుగులో అలాంటి వాక్యానికి క్రియ అక్కర్లేదు, ఇంగ్లీషులో క్రియ లేకుండా వాక్యం నిలబడదు కాబట్టి ఈజ్ తెచ్చి పెట్టుకుంటారు. అందుకే మన పిల్లలు "హి మై ఫాదర్" అని రాస్తారు. ఇది బద్ధకం వల్ల వచ్చిన తప్పు కాదు, తెలుగు వల్ల వచ్చిన తప్పు, అదెందుకు వస్తుందో తెలుగులో ఒక్కసారి చెప్తే మళ్ళీ రాదు. అలాగే బడికి వెళ్ళా అంటే ఎవరు వెళ్ళారో ఆ వెళ్ళా లోనే ఉంది, ఇంగ్లీషు వెంట్‌లో అది లేదు, ఐ వెంట్, షి వెంట్, దే వెంట్ అన్నీ ఒకటే, కాబట్టి ముందు ఎవరో చెప్పి తీరాలి. ఈ మాట చెప్పని చోట పిల్లలు "వెంట్ టు స్కూల్" అని మొదలెడతారు.

విభక్తుల సంగతి చూడండి. డు ము వు లు ప్రథమా విభక్తి, నిన్ నున్ లన్ కూర్చి గురించి ద్వితీయా విభక్తి, చేతన్ చేన్ తోడన్ తోన్ తృతీయా విభక్తి. మా వరండా పిల్లలందరికీ ఇది పాట లాగా వచ్చు, నిద్రలో లేపి అడిగినా చెప్తారు. ఇదంతా దేనికి అని అడిగితే పరీక్షకి అంటారు. ఆ తోడన్, తోన్ అనేవే విత్, ఆ కొఱకున్, కై అనేవే ఫర్, ఆ కిన్, కున్ చాలాసార్లు టు, లోన్ అంటే ఇన్ అని చెప్పిన రోజు ఒక ఆరో క్లాసు బాబు నోరు తెరిచి చూశాడు. నిజంగా అంతే, నోరు తెరిచి. వాడికి అప్పటిదాకా ఇంగ్లీషు వేరే లోకం.

ఇంకో మాట చెప్తా, ఇది నాకు చాలా ఇష్టమైనది. విత్ తర్వాత ఐ రాకూడదు మీ రావాలి, ఆన్ తర్వాత హి రాకూడదు హిమ్ రావాలి, అని ప్రిపోజిషన్ ఆబ్జెక్ట్ రూల్ చెప్తారు కదా, పిల్లలకి అది తలకెక్కదు. ఏరా, నువ్వు నేను తో రా అంటావా అని అడుగుతా. పకపకా నవ్వుతారు, నాతో రా అంటాం అక్కా అంటారు. అతను మీద అంటావా? అతని మీద. మరి తెలుగులో నేను అనేది నా అయినప్పుడు ఇంగ్లీషులో ఐ అనేది మీ అవదా? అంతే, రూలు అయిపోయింది. ఇల్లు ఇంటి అవుతుంది, చేయి చేతి అవుతుంది, నోరు నోటి అవుతుంది, ఇ, టి, తి అని ఔపవిభక్తికాల పాఠం చెప్తారు తెలుగు మాస్టార్లు. ఆ పాఠం ఈ పాఠం అన్నదమ్ములు. ఇంగ్లీషులో ఇలా మారేవి నాలుగైదు మాటలే, మన భాషలో వందలు, ఇన్ని వందలు తప్పు లేకుండా మార్చే పిల్లలకి ఆ నాలుగైదు ఒక లెక్కా!

ఇక ముడిపెట్టి చెప్పడం వల్ల ఎక్కడ పోలదో కూడా తెలుస్తుంది, అసలు లాభం అక్కడే. సినిమా నాకు నచ్చింది, అంటాం. నచ్చింది అనే క్రియ సినిమాని బట్టి నడుస్తోంది, నేను పక్కన నాకు అని నిలబడ్డా. ఇంగ్లీషులో నేనే ముందుకొచ్చి కర్తగా కూర్చుంటా, "ఐ లైక్డ్ ద మూవీ", సినిమా కర్మ అయిపోతుంది. ఇది చెప్పకపోతే ఏమవుతుందో నా నోట్సుల్లో ఉంది, "ద మూవీ లైక్డ్ మీ". నాకు తెలుసు, నాకు ఇద్దరు అన్నలు ఉన్నారు, నాకు ఆకలేస్తోంది, నాకు భయం, ఈ నాకులన్నీ ఇంగ్లీషుకి వెళ్ళేసరికి ఐ అయి కూర్చుంటాయి. ఉంది అనే మాట ఉంది గానీ హ్యావ్ అనే మాట మనకి లేనే లేదు. ఒక్క నాకు మీద వారం రోజులు కూర్చోవచ్చు, ఏ గ్రామర్ పుస్తకంలోనూ నాకు ఆ పాఠం కనపడలేదు, ఎందుకంటే ఇంగ్లండు పిల్లలకి ఆ పాఠం అక్కర్లేదు, మన పిల్లలకే కావాలి.

కర్మ ఎలా గుర్తుపట్టాలన్నది కూడా అంతే. పిల్లి ఎలకని పట్టుకుంది అన్నా, ఎలకని పిల్లి పట్టుకుంది అన్నా మనకి చచ్చింది ఎలకే, ఆ ని అనే అక్షరం కాపలా కాస్తుంది. ఇంగ్లీషులో ఆ కాపలా లేదు, చోటే కాపలా. ఎలకని ముందు పెడితే ఎలకే పిల్లిని పట్టుకున్నట్టు. అందుకే వాళ్ళకి వరస అంత ప్రాణం, మనకి అంత పట్టింపు లేదు. ఈ కారణం తెలిసిన పిల్ల వరస తప్పు రాస్తే తనే ఉలిక్కిపడి దిద్దుకుంటుంది.

క్రియకి ప్రిపోజిషన్ కావాలా వద్దా అనే గొడవ కూడా తెలుగు నుంచే మొదలవుతుంది. దాని గురించి చర్చించాం అంటాం కాబట్టి "డిస్కస్డ్ అబౌట్ ఇట్" అని రాస్తాం, అక్కడ అబౌట్ అక్కర్లేదు, డిస్కస్ నేరుగా కర్మని పట్టుకుంటుంది. అతనికి చెప్పా అంటాం కాబట్టి "టోల్డ్ టు హిమ్", అక్కడ టు అక్కర్లేదు. ఆవిడకి ఫలానా అతనితో పెళ్ళయింది కాబట్టి "మ్యారీడ్ విత్", కావాల్సింది టు. నా మీద కోపం కాబట్టి "యాంగ్రీ ఆన్ మీ", కావాల్సింది విత్. పాట విన్నా అన్నప్పుడు తెలుగులో అడ్డం ఏమీ లేదు కాబట్టి "లిజన్ సాంగ్" అని టు వదిలేస్తాం. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో పార్టీలకి, అంటే మాతో వ్యాపారం చేసేవాళ్ళకి, పంపిన మెయిల్స్ నిండా ఇవే, ఒకరోజు ఒక పెద్దాయన ఫోన్ చేసి ఓపిగ్గా ఒక్కోటీ తెలుగులో విడమరిచి చెప్పారు, మనం అలా అంటాం కాబట్టి ఇలా రాశావమ్మా, వాళ్ళు అలా అనరు, అని. స్కూల్లో పదేళ్ళలో రానిది ఆ ఫోన్లో వచ్చింది.

లో సంగతి, కి సంగతి కూడా చెప్పాలి. మనకి ఒక లో, వాళ్ళకి ఇన్, ఆన్, ఎట్, బై. ఊళ్ళో ఉన్నా అంటే ఇన్, బస్సులో ఉన్నా అంటే ఆన్, లెక్కల్లో గట్టి అంటే ఎట్, బస్సులో వచ్చా అంటే బై. ఐదింటికి వస్తా అంటే ఎట్, ఊరికి వెళ్తా అంటే టు, ఇంటికి వెళ్తా అంటే మాత్రం ఏమీ వద్దు, "గో హోమ్" చాలు. ఇవి రూలు పెట్టి సాధించలేం, వాడగా వాడగా వస్తాయి, నాకూ ఇప్పటికీ కొన్నిచోట్ల అనుమానమే. కానీ మన లో ఒక్కటే వాళ్ళకి నాలుగుగా చీలుతుంది అని తెలిసిన పిల్ల లో కనపడగానే ఆగి ఆలోచిస్తుంది. తెలియని పిల్ల ప్రతి లో కీ ఇన్ పెట్టేసి ముందుకెళ్ళిపోతుంది.

పుస్తకాలు తయారుచేసేవాళ్ళకి ప్రత్యేకంగా ఒక విషయం. ఖాళీలు పూరించండి అని ప్రిపోజిషన్లకి ఎక్సర్‌సైజు ఇస్తారు, "ద బుక్ ఈజ్" డ్యాష్ "ద టేబుల్". మా పిల్లలు దీంట్లో పదికి తొమ్మిది తెచ్చుకుంటారు. అదే పిల్లలు సొంతంగా రాయమంటే "బుక్ టేబుల్ ఆన్" అని రాస్తారు. ఎందుకంటే ఆ డ్యాష్ ఎక్కడ పెట్టాలో మీరే చెప్పేశారు, పిల్లకి కష్టమైనదే అది, ఏ మాట అన్నది కాదు, ఏ చోట అన్నది. కష్టమైన సగం మీరు చేసిపెట్టి తేలికైన సగానికి మార్కులు ఇస్తున్నట్టు అవుతోంది. డ్యాష్‌లు తగ్గించి ముక్కలు ఇవ్వండి, కలగలిపిన మాటలిచ్చి పేర్చమనండి, పక్కనే తెలుగు వాక్యం ఇచ్చి రెండిటి మధ్య గీతలు కలపమనండి. ఆ గీతలు ఒకదాన్నొకటి ఎలా దాటుకుంటూ వెళ్తాయో పిల్ల కళ్ళతో చూడాలి.

దీనికి కొత్తగా ఏం కట్టక్కర్లేదు కూడా. ఏపీలో 2020-21 నుంచి, తెలంగాణలో 2022-23 నుంచి లెక్కలు, సైన్సు లాంటి పుస్తకాలు ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగు పద్ధతిలో ఇస్తున్నారు. చాలా మంచి పని, మా పిల్లలు సైన్సులో ఇంగ్లీషు పేజీ అర్థం కాకపోతే ఠక్కున ఎడమ పక్కకో కుడి పక్కకో చూసి సర్దుకుంటారు. ఆ మేలు ఇంగ్లీషు గ్రామర్ పేజీలకి కూడా చేయండి. కిరణజన్య సంయోగక్రియకి తెలుగు సాయం ఉన్నప్పుడు ప్రిపోజిషనల్ ఫ్రేజుకి ఎందుకు ఉండకూడదు? పాఠాలు, కథలు, పద్యాలు ఇంగ్లీషులోనే ఉంచండి. గ్రామర్ ఉన్న ఆ నాలుగైదు పేజీలకి మాత్రం ఎదురుగా తెలుగు పేజీ ఒకటి, అందులో ఇదే తెలుగు పుస్తకంలో మీరు చదివిన కర్మ, ఇదే మీ తృతీయా విభక్తి అని రాస్తే చాలు.

మీడియం గొడవలోకి నేను దిగట్లేదండి. 2019లో ఏపీలో అన్ని ప్రభుత్వ బడులూ ఇంగ్లీషు మీడియం అని జీవో ఇవ్వడం, 2020 ఏప్రిల్లో హైకోర్టు దాన్ని కొట్టేయడం, ఆ వాదనలన్నీ మనం చూశాం, రెండు వైపులా నిజం ఉంది. మా వీధిలో కూలికెళ్ళే అమ్మానాన్నలు కూడా పిల్లలకి ఇంగ్లీషు రావాలనే కోరుకుంటున్నారు, వాళ్ళ కోరికలో తప్పేం లేదు. ఇంగ్లీషు రావాలి కాబట్టే చెప్తున్నా, ఇంగ్లీషు మీద కోపంతో కాదు. మీడియం ఏదైనా ఈ పిల్ల ఇంట్లో తెలుగే మాట్లాడుతుంది, తెలుగులోనే వాక్యం పుట్టి చేతి దాకా వస్తుంది, ఆ దారిలో ఒక మలుపు ఉందని చెప్పేవాళ్ళు కావాలి.

ఇంగ్లీషు క్లాసులో తెలుగు మాట్లాడితే తెలుగు మీద ఆధారపడే అలవాటు పోదు అని కొందరు టీచర్లు నాతో అన్నారు. నేను చూసింది వేరు. అర్థం కాని ఇంగ్లీషు నలభై నిమిషాలు విన్న పిల్లలకి వచ్చేది ఇంగ్లీషు కాదు, వినకుండా కూర్చునే అలవాటు. పది నిమిషాలు తెలుగులో ముడి విప్పి చెప్పి, మిగతా అరగంట వాళ్ళ చేత ఇంగ్లీషు వాక్యాలు చేయిస్తే ఆ అరగంటలో క్లాసు గోలగోలగా ఉంటుంది, ఆ గోల అంతా ఇంగ్లీషులోనే ఉంటుంది. మన హైదరాబాద్‌లోనే, ఇంగ్లీషు టీచర్లకి శిక్షణ ఇవ్వడానికి 1958లో పెట్టిన సంస్థ ఉంది, ఇప్పుడు ఇఫ్లూ (ఇంగ్లీష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ) అంటున్నాం. అంత పెద్ద సంస్థ మన మధ్యే ఉంది కాబట్టి తెలుగు పిల్లలు చేసే తప్పులు ఇవీ, వీటి వెనకున్న తెలుగు వాక్యాలు ఇవీ అని ఒక పుస్తకం లాగా టీచర్ల చేతికి అందేలా మీరంతా కలిసి చేయగలరు. ఒక్కో టీచర్ ఒక నెల పాటు పిల్లలు రాసిన తప్పు వాక్యాలు కొట్టేయకుండా దాచి ఇస్తే సరుకు దానికదే పోగవుతుంది. నా దగ్గరే మూడు నోట్సులు నిండాయి, అడిగితే ఇచ్చేస్తా.

తెలుగు బలం కూడా పిల్లలకి ఒకసారి చూపించండి, ఇంగ్లీషు ముందు తెలుగు తక్కువ అనే భావం పోతుంది. "ఐ సా ద మ్యాన్ ఆన్ ద బిల్డింగ్" అని ఉంది, ఆన్ ద బిల్డింగ్ అనే ఫ్రేజు దేనికి అతుక్కుంది? నేను మేడ మీద నుంచి చూశానా, మేడ మీదున్న మనిషిని చూశానా? ఇంగ్లీషు వాక్యం తేల్చదు. తెలుగులో మేడ మీద నుంచి అనో, మేడ మీద ఉన్న అనో అంటే చాలు, ఈ అనుమానమే రాదు. ఫ్రేజు క్రియకి చెందిందా, నామవాచకానికి చెందిందా అనే పెద్ద పాఠాన్ని మా తొమ్మిదో క్లాసు పిల్లలు ఈ ఒక్క వాక్యంతో పట్టేశారు, తెలుగులో రెండు రకాలుగా చెప్పి చూసుకుని.

తెలుగు సార్లకి కూడా ఈ ఉత్తరంలో భాగం ఉంది. స్టాఫ్‌రూమ్‌లో ఇంగ్లీషు మేడమ్ పక్క కుర్చీలోనే కూర్చుంటారు మీరు. ఈ వారం నేను సకర్మక క్రియలు చెప్తున్నా, మీరు ట్రాన్సిటివ్ ఇదే వారం పెట్టుకోండి, అని ఒక్క మాట అనుకోండి. ఎవరి పర్మిషనూ అక్కర్లేదు, ఏ జీవో అక్కర్లేదు, రేపు పొద్దున్నే మొదలెట్టొచ్చు.

ఆ ఎనిమిదో క్లాసు అమ్మాయి మర్నాడు మిగతా నాలుగు వాక్యాలూ తనే దిద్దుకొచ్చింది. మూడు కరెక్టు. నాలుగోది "మై ఫాదర్ కేమ్ ఫ్రమ్ టౌన్ ఇన్ బస్" అని రాసింది, మళ్ళీ లో దగ్గర బోల్తా పడింది, దాన్ని ఈ శనివారం చూద్దామన్నా. మీలో ఎవరికైనా వీలుంటే ఏ శనివారమైనా సాయంత్రం ఆరున్నర తర్వాత రండి, ముక్కలు కోసి ఉంచుతా, పిల్లలు మీకు పేర్చి చూపిస్తారు.

ఇట్లు,
తెనాలి దగ్గర పల్లె నుంచి ఒక తెలుగు మీడియం అమ్మాయి